రహస్యనవలయుఁ బ్రణయనవలయు

రహస్యనవలలను, ప్రణయనవలలను కాలక్షేపగ్రంథములని త్రోసివేయుట విమర్శనము గాదు. రెంటికిని మూలము దాపఱికమే: ఒకదానియందు అపరాధము దాగును, వేఱొకదానియందు హృదయము దాగును. దాచుటకుఁ దగిన కారణమున్నదా యనునదే గుణపరీక్ష.

కొమ్మూరి సాంబశివరావు నవలలలో డిటెక్టివు యుగంధరునకు రాజు సహాయకుఁడు. రాజు సందేహించుచోటఁ జదువరియు సందేహించును. కావున రహస్యము కృత్రిమముగఁ దోఁపదు. ఆధారమును మఱుఁగుపఱచి తుదను బయటఁబెట్టు రచన మాత్రము వంచన.

యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’లో జయంతీ రాజశేఖరముల నడుమనున్న యడ్డు వట్టి యపోహ గాదు, ఉద్యోగముచే బ్రదుకు స్త్రీ యొక్క యాత్మగౌరవము. 1976లో చలనచిత్రముగ వచ్చిన యీ నవలకు నేఁటికిని చదువరులుండుటకు హేతువిదియే. ఒక్కమాటతోఁ దీఱు నపోహను వందపుటలు సాగఁదీయు ననుకరణములకు ఆ బలము లేదు.

లోపమొకటి కలదు. ఈ కథలు చాలవఱకు నగరమును వీడవు. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి యను పల్లెనుండి ‘తెనుఁగు’ పత్రికను వెలువరించిరి. ఆ పల్లె నేఁడు మహబూబాబాదు జిల్లాలోనిది. పత్రికకుఁ జాలిన పల్లె నవలకుఁ జాలదా? జనగామ రైలుస్టేషనునందును, భూపాలపల్లి బొగ్గుగనులయందును రహస్యమునకుఁ గాని ప్రణయమునకుఁ గాని కొఱఁత యుండదు. అచ్చటి నుడికారమెఱిఁగి వ్రాసినచో నీ రెండు శాఖలకును నూతనబలము చేకూరును.