గట్టిగా ఎవరైనా కూస్తారు

కొనేముందు వాయించి చూడనివ్వని వాయిద్యం నాకు తెలిసి ఒకటుంది. నోట్లో పెట్టుకుని అడవి టర్కీ కోడిలా కూసే చిన్న బిళ్ళ అది. ఇక్కడ అమెరికాలో వేటగాళ్లు మౌత్ కాల్ అంటారు. అంగిలికి అతుక్కుని, నాలుక తడికి నాని పలికేది కాబట్టి ఒకరు నోట్లో పెట్టిన దాన్ని ఇంకొకరికి అమ్మరు. అట్టకు అంటించి, పైన ప్లాస్టిక్ మూత బిగించి వేలాడదీస్తారు. ఫిబ్రవరి వచ్చిందంటే పెన్సిల్వేనియాలో వేట సామాన్ల షాపుల్లో గోడ గోడంతా ఇవే. ఎర్ర పొర, పచ్చ పొర, ఊదా పొర. ఒక్కోదానికి ఒక్కో భయంకరమైన పేరు. అవన్నీ టర్కీని ఆకట్టుకోవడానికి పెట్టినవి కావు, షాపులోకి వచ్చిన మనిషిని ఆకట్టుకోవడానికి పెట్టినవి.

మా ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగు కుర్రాడొకడు వేట లైసెన్సుకి కావలసిన శిక్షణ పూర్తిచేసి, ఆ గోడ ముందు నిలబడి నాకు ఫోన్ చేశాడు. "అన్నా, వీటిలో ఏది తీసుకోమంటారు?" అన్నాడు. "గట్టిగా కూసేది వద్దు, మెల్లగా కూసేది చూడు" అన్నాను. నేనేదో వేదాంతం చెబుతున్నాననుకున్నాడు పాపం. అది వేదాంతం కాదు, అచ్చంగా సామాను గురించి చెప్పిన మాట. అదే ఇక్కడ కాస్త విడమరుస్తాను.

ముందు వస్తువు సంగతి. గుర్రపు నాడా ఆకారంలో పల్చటి అల్యూమినియం చట్రం. దాని మధ్యలో లేటెక్స్ రబ్బరు పొరలు ఒకటో, రెండో, మూడో సాగదీసి బిగిస్తారు. చుట్టూ మెత్తటి టేపు అంచు. చట్రం తెరుచుకున్న వైపు పెదాలకేసి ఉండేలా దాన్ని అంగిలికి ఆనించి, నాలుకతో పొరను తేలిగ్గా అదిమి, డొక్కలోంచి గాలి వదిలితే పొర వణుకుతుంది. యంత్రం అంతవరకే. దవడ ఎంత దించాలి, నాలుక ఎంత అదమాలి, గాలి ఎక్కడ ఆపాలి అన్నదంతా మనిషి సమకూర్చుకోవాల్సిందే. నాదస్వరానికి వేలాడే పీకల గుత్తిని దగ్గరగా చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. విద్వాంసుడు ఒక్కో పీకనీ తడిపి, పెదవికి ఆనించి, తన ఊపిరికి లొంగేదాన్ని ఏరుకుంటాడు. పక్కవాడికి బ్రహ్మాండంగా పలికిన పీక తనకు పలకాలని లేదు.

టర్కీని పిలవడం ఈ బిళ్ళతో మొదలవలేదు. ఆ పక్షి రెక్క ఎముకలనే ఒకదానిలో ఒకటి దూర్చి, గాలి పీల్చి కూత పుట్టించే పద్ధతి ఇక్కడి మూలవాసులది. చెక్కపెట్టె మీద మూతను రాస్తే కోడిపెట్టలా అరిచే బాక్స్ కాల్‌కి ఆర్కన్సాలోని డార్డనెల్ ఊరివాడు హెన్రీ గిబ్సన్ 1897లో పేటెంటు తీసుకున్నాడు. టర్కీ వేటలోకి నోటి బిళ్ళ వచ్చింది ఆ తర్వాతే. న్యూ ఓర్లీన్స్ వీధుల్లో పిట్టల కూతలు వినిపిస్తూ నోటి ఈలలు అమ్మేవాళ్లను చూసి, అలబామాలోని మొబైల్‌కి చెందిన జిమ్ రాడ్‌క్లిఫ్ ఆ కిటుకును టర్కీకి పనికొచ్చేలా మలచుకున్నాడని వేటగాళ్లు చెప్పుకుంటారు. పొరకు కావలసిన పల్చటి రబ్బరు అప్పట్లో కండోముల నుంచే వచ్చేది. ఇప్పటికీ ఆ రకం రబ్బరుతో కాల్స్ తయారవుతున్నాయి, వాటినే ఏరికోరి కొనేవాళ్లూ ఉన్నారు.

చక్కటి చెక్కపెట్టె ఉండగా ఇది ఎందుకు? ఎందుకంటే పెట్టె వాయించడానికి రెండు చేతులూ కావాలి. పలకను పుల్లతో గీరి పలికించే స్లేట్ కాల్‌కీ అంతే. టర్కీకి వాసన పట్టే శక్తి అంతంతమాత్రమే గానీ, చూపు మాత్రం అసాధ్యం. తల పక్కన కళ్లు, రంగులు తెలుస్తాయి, మెడ కాస్త తిప్పితే చుట్టూ కనిపిస్తుంది. పుంజు కనుచూపు మేరలోకి వచ్చాక మన వేలు కదిలినా ఆట ముగిసినట్టే. అప్పుడు రెండు చేతులూ తుపాకీ మీద కదలకుండా ఉండాలి, కూత మాత్రం ఆగకూడదు. మౌత్ కాల్ ఉన్నది ఆ నాలుగు నిమిషాల కోసం. దూరానికి వినిపించాలంటే, గాలిరోజున ఎదుటి కొండకు కబురు పంపాలంటే, పెట్టె దీనికన్నా బాగా చేస్తుంది. తెల్లారగట్ల పుంజు ఏ చెట్టు మీద ఉందో తెలుసుకోవడానికి గుడ్లగూబలా కూసే వేరే ఈల ఉంది. ఆ కూత చెవిన పడితే కొమ్మ మీది పుంజు ఉలిక్కిపడి జవాబిస్తుంది. గట్టిపనులకు వేరే పనిముట్లు ఉండగా, మౌత్ కాల్‌ని గట్టిదనం చూసి కొనడమెందుకు?

ఇంకా అసలు సంగతి ఉంది. వసంతంలో పుంజు అరుస్తుంది, పెట్టలు దాని దగ్గరకు నడిచి వెళతాయి. ప్రకృతి నియమం అది. వేటగాడు దాన్ని తిరగేస్తాడు. పెట్టలా పిలిచి, పుంజే నడిచి రావాలని కూర్చుంటాడు. అందుకే పుంజు చాలాసార్లు అరవై డెబ్బై గజాల దూరం దాకా వచ్చి నిలబడిపోతుంది. తోక విసనకర్రలా విప్పి, రెక్కలు నేలకు రాస్తూ, మిగతా దూరం నువ్వు రా అన్నట్టు అక్కడే తచ్చాడుతుంది. షాట్‌గన్‌తో నమ్మకంగా కొట్టగలిగేది నలభై గజాల లోపే. అంటే వేటంతా ఆ మధ్యలో మిగిలిన కాస్త నేల మీదే జరుగుతుంది. అక్కడ గొంతు పెంచిన కొద్దీ పుంజు ఇంకా ధీమాగా నిలబడుతుంది, పెట్టే వస్తుందిలే అని. దాన్ని కదిలించేవి చిన్న చప్పుళ్లు. మేత మేస్తున్న పెట్ట తనలో తాను చేసుకునే గురగుర, ఆగి ఆగి ఒక్కో క్లక్.

పెన్సిల్వేనియాలో పుంజును పిలిచి రప్పించడం నేర్పు సంగతే కాదు, చట్టం కూడా. వసంతంలో టర్కీని పిలిచి మాత్రమే వేటాడాలి, పొంచి పొంచి దగ్గరకు వెళ్లడం నిషేధం. దీనికి ప్రాణభయం ఒక కారణం. కూత వినిపించిన వైపు పాకుతూ వెళ్లినవాడికి అక్కడ దొరికేది కోడి కాదు, చెట్టుకు వీపు ఆనించి కూర్చున్న ఇంకో వేటగాడు కావచ్చు. పుంజు తల మీద కనిపించే ఎరుపు, తెలుపు, నీలం రంగుల బట్టలు వసంతంలో వేసుకోవద్దని ఇక్కడి శిక్షణలో చెప్పేదీ అందుకే. అందరూ తిరిగే అడవిలో గట్టిగా, అదేపనిగా కూస్తే పుంజు కన్నా ముందు మనుషులు వస్తారు.

పోటీల్లో గెలిచినవాళ్ల కూతలు విని కాల్ ఎంచుకునేవాళ్లు చాలామంది. 1973లో మొదలైన నేషనల్ వైల్డ్ టర్కీ ఫెడరేషన్ నాష్‌విల్‌లో జరిపే సభల్లో గ్రాండ్ నేషనల్ కూతల పోటీలు పెడుతుంది. కూసేవాళ్లు ఎవరో న్యాయనిర్ణేతలకు కనపడకుండా అడ్డు ఉంటుంది, చెవిన పడ్డదానికే మార్కులు. ఆ విద్య మీద నాకు గౌరవం ఉంది. కానీ వేదిక మీద ప్రతి స్వరం హాలు చివరి కుర్చీ దాకా తళతళలాడుతూ వెళ్లాలి. అడవిలో పెట్టకు ఆ అవసరం లేదు. ఫ్లోరిడా శాస్త్రవేత్త లోవెట్ విలియమ్స్ అడవి టర్కీల గొంతులనే రికార్డు చేసి, వాటి కూతల మీద పుస్తకం రాశాడు. అలాంటి రికార్డింగులు వింటే అసలు పెట్ట ఎంత బొంగురుగా, ఎంత తాళం తప్పి కూయగలదో తెలుస్తుంది. అదే రాష్ట్రంలో జో హట్టో అనే ఆయన అడవి టర్కీ గుడ్లను పొదిగించి, పిల్లలు పుట్టకముందే గుడ్లతో వాటి భాషలో మాట్లాడి, పుట్టాక తల్లిలా వెంట తిప్పుకున్నాడు. ఆయన 1995లో తెచ్చిన పుస్తకం చదివాక నాకు మిగిలిన సంగతి ఒకటే. ఆ పక్షుల సంభాషణలో ఎక్కువ భాగం పక్కనున్నవాళ్లకి మాత్రమే వినపడేంత చిన్న గొంతుతోనే సాగుతుంది.

ఇప్పుడు షాపులో గోడ దగ్గరకు వద్దాం. ఒకే పొర ఉన్న కాల్‌కి గాలి తక్కువ చాలు. సన్నగా, శుభ్రంగా పలుకుతుంది, గురగురకు బాగా లొంగుతుంది. రెండు పొరలది, కోతలేమీ లేనిది, మొదటిసారి కొనేవాళ్లకి నిలకడగా ఉంటుంది. మూడు పొరలది ఊపిరి అడుగుతుంది, అందుకు తగ్గ బొంగురుతనం ఇస్తుంది. పై పొరను ఇంగ్లీషు వి అక్షరంలా కత్తిరిస్తే వి కట్, గబ్బిలం రెక్కల్లా కత్తిరిస్తే బ్యాట్ వింగ్, మధ్యలో సన్నని చీలికలు పెడితే ఘోస్ట్ కట్. కోత పెరిగిన కొద్దీ జీర పెరుగుతుంది. పొర మందం అంగుళంలో వెయ్యో వంతుల లెక్కలో ఉంటుంది, మూడు వంతులకీ నాలుగు వంతులకీ మధ్య తేడా నాలుకకు స్పష్టంగా తెలుస్తుంది. మందపాటి పొరను కదిలించడానికి గట్టిగా ఊదాలి. గట్టిగా ఊదినప్పుడే క్లక్ కాస్తా పుట్ అవుతుంది. చెవికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, క్లక్ అంటే ఇక్కడున్నాను అని, పుట్ అంటే పారిపో అని. నలభై గజాల దగ్గర ఆ పొరపాటు జరిగితే సీజన్ మొత్తం గుర్తుంటుంది.

అందుకే కొత్త కాల్ ఇంటికి తెచ్చాక నేను ముందు యెల్ప్ కొట్టను. సన్నగా మొదలై బొంగురుగా దిగే ఆ రెండు మెట్ల కూత దాదాపు ఏ కాల్ మీదైనా వచ్చేస్తుంది, వినడానికి గొప్పగానూ ఉంటుంది. నా పరీక్ష వేరు. హాల్లో టీవీ నడుస్తుండగా పక్క గదిలో కూర్చుని, టీవీ చూసేవాళ్లకి వినపడకుండా వరసగా క్లక్‌లు వేయగలగాలి. ఆ గొంతు తెగిపోకుండా, పుట్‌లా మారకుండా నిలబడితే ఆ కాల్ నాది. మా ఆవిడకు ఈ పరీక్షంటే ఇష్టం, ఎందుకంటే వినపడదు. యెల్ప్ సాధన మాత్రం కార్లో చేసుకోమంటుంది. ఒకరోజు పక్క సీట్లో కూర్చుని, "ఏమండీ, కూసేది మీరా, ఇంజన్ బెల్టా?" అని కూడా అడిగింది.

కాల్ మంచిదే అయినా అంగిలికి సరిపోకపోతే వృథా. పక్కల నుంచి గాలి కారితే చిన్న గొంతు పుట్టదు, గాలంతా బయటికే పోతుంది. ఇరుకు అంగిలి ఉన్నవాళ్లకి చిన్న చట్రాలు దొరుకుతాయి. టేపు అంచును కత్తెరతో కొద్దికొద్దిగా కత్తిరించుకోవచ్చు. చట్రాన్ని అంగిలి వంపుకు తగ్గట్టు కాస్త వంచుకోవచ్చు. మొదట్లో చాలామందికి వాంతి వచ్చినట్టవుతుంది. కూయకుండా ఊరికే నోట్లో పెట్టుకుని ఇంటిపనులు చేసుకుంటుంటే అది తగ్గుతుంది. కట్టుడుపళ్లు ఉన్నవాళ్లూ, లేటెక్స్ పడనివాళ్లూ మొహమాటపడక స్లేట్ కాల్ దగ్గరే ఆగవచ్చు. వాడాక కడిగి ఆరబెట్టి, పొరల మధ్య టూత్‌పిక్ పెట్టి, ఎండ తగలని చోట దాచాలి. కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే రబ్బరు పాడైపోతుంది.

ఈ వేటలో నాకు నచ్చేది పక్షికి ఉన్న స్వేచ్ఛ. గత శతాబ్దం తొలి సగంలో అమెరికాలో టర్కీలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. ఫారాల్లో పెంచి వదిలినవి అడవిలో నిలవలేదు. అసలు అడవి పక్షులను వలవేసి పట్టి కొత్త చోట్లకు తరలించాకే మళ్లీ లక్షల్లో పెరిగాయి. తల్లి వెంట తిరిగి, తల్లి గొంతు విని పెరిగిన పక్షి ఇది. దాన్ని పరిగెత్తించి పట్టనక్కర్లేదు, పిలవాలి. పిలిచాక రావాలా వద్దా అన్నది దాని ఇష్టం, చాలాసార్లు రాదు కూడా.

కాబట్టి కొనబోయేవాళ్లకి నా సలహా ఇది. పల్చటి పొరలు రెండు ఉన్నది, కోత లేనిది, మీ అంగిలికి సరిపడే చట్రం ఉన్నది తీసుకోండి. మూడు పొరలదీ, గబ్బిలం కోతదీ వచ్చే ఏడాదికి ఉంచండి. ఇక్కడ సీజన్ ఏప్రిల్ చివరో మే మొదట్లోనో తెరుస్తారు. అప్పటిదాకా రోజూ కాసేపు క్లక్ మీదే కూర్చోండి. అది మీ ఊపిరికి లొంగిందంటే యెల్ప్ నేర్పమని ఎవర్నీ అడగనక్కర్లేదు.