రెండున్నర సెకన్ల లెక్క

"సార్, డిష్ మళ్లీ సరిచేశాం, ఎల్‌ఎన్‌బీ మార్చాం. అయినా బొమ్మ గడులు గడులుగా విరిగిపోతోంది" అన్నాడు కేబుల్ ఆపరేటర్. తీరంలో ఓడరేవు పక్కనున్న ఊరు. వెళ్లి టీవీ ముందు కూర్చుని గడియారం చూశాను. విరుపుకీ విరుపుకీ మధ్య దాదాపు రెండున్నర సెకన్లు. పెద్ద ఓడల రాడార్ యాంటెన్నా నిమిషానికి 24 చుట్లు తిరిగితే వచ్చే లెక్క అదే.

దొంగ దొరికాడనిపిస్తుంది. ఇలాంటి గొడవలకు మూలం వెతికే పనిలో నేను భయపడేది ఆ క్షణానికే.

ఓడలోని ఎస్-బ్యాండ్ రాడార్ పలికేది 3,050 మెగాహెర్ట్జ్ దగ్గర. డిష్ వినేది 3,700 నుంచి 4,200 మధ్య. ఇంత ఎడం ఉన్నా గొడవ వచ్చిందంటే రెండు కారణాలు ఉండొచ్చు. రాడార్ తన హద్దు దాటి డిష్ వినేచోట కూడా శక్తి చిమ్ముతూ ఉండాలి. లేదా రాడార్ హద్దులోనే ఉన్నా, 36 వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సన్నటి సిగ్నల్ కోసం చెవులు రిక్కించిన ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందుండే తొలి రిసీవర్) ఆ పొరుగు పల్స్ ధాటికి ఉక్కిరిబిక్కిరై ఉండాలి. తెరమీద రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. మొదటిదానికి మందు రాడార్ దగ్గర వేయాలి, రెండోదానికి డిష్ దగ్గర.

ఈ తేడాను అమెరికా ప్రభుత్వ టెలికాం సంస్థ ఎన్‌టీఐఏ ఇంజనీర్లు 1994 నాటి నివేదికలో విడమరిచారు. పరీక్ష చాలా సులువు. డిష్ నుంచి సిగ్నల్ అందుకునే ఫీడ్‌హార్న్‌కీ ఎల్‌ఎన్‌బీకీ మధ్య, డిష్ వినే హద్దును మాత్రమే వదిలే ఫిల్టర్ బిగించాలి. గొడవ పోతే లోపం మన రిసీవర్‌ది, పోకపోతే రాడార్‌ని అనుమానించాలి. ఎల్‌ఎన్‌బీ దాటాక ఫిల్టర్ పెడితే ప్రయోజనం లేదు, అప్పటికే జరగాల్సింది జరిగిపోతుంది.

రాడార్‌ని కొలవడానికి మాత్రం ఓపిక కావాలి. పల్స్ నిడివి మైక్రోసెకన్ అటూ ఇటూ, యాంటెన్నా మనవైపు చూసేది చుట్టులో రెప్పపాటు. స్పెక్ట్రమ్ ఎనలైజర్‌ని గబగబా తిప్పేస్తే ఏమీ లేదని చెబుతుంది. ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర యాంటెన్నా ఒక చుట్టు పూర్తయ్యేదాకా ఆగి, అందులో పెద్ద విలువను రాసుకుని, అప్పుడు ముందుకు జరగాలి. ఆ ఆగడమంటే నాకు ప్రాణం.

డాబా మీద ఫిల్టర్ బిగించాం. కిందికి దిగేసరికి బొమ్మ నిలబడింది. ఓడరేవు మీద రాయించిన ఫిర్యాదు ఆపరేటర్ బల్లమీదే ఉంది. ఆయన దాన్ని చించబోతుంటే ఆపి, మళ్లీ పైకెక్కాను. ఫిల్టర్ పెట్టిన సమయానికే రాడార్ కట్టేసి ఉంటే మా పరీక్ష చెల్లదు. లంగరేసిన ఓడమీద యాంటెన్నా ఇంకా తిరుగుతోంది.