రిలే ఛానల్ సంకేతన పద్ధతులు: కొలబద్దపై ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
థామస్ కవర్, అబ్బాస్ ఎల్ గమాల్ 1979లో ప్రచురించిన పరిశోధన పత్రం రిలే ఛానల్ అధ్యయనానికి రెండు ప్రధాన సంకేతన పద్ధతులను, ఒక ఎగువ పరిమితిని అందించింది. పద్ధతులపై విస్తారమైన కృషి జరిగింది. ఎగువ పరిమితిని మాత్రం చాలాకాలం కొలబద్దగానే స్వీకరించారు. పద్ధతుల తారతమ్యాన్ని ఆ కొలబద్ద ఎంతవరకు చూపగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సమాచార సిద్ధాంతం, రిలే ఛానల్, సంకేతనం, కట్-సెట్ పరిమితి, ప్రసార సామర్థ్యం.

1. ప్రవేశిక
ప్రేషకానికి, గ్రాహకానికి నడుమ సహాయకంగా నిలిచే మూడో కేంద్రం రిలే. దానికి తనదైన సందేశమేదీ లేదు. తాను విన్నదాని ఆధారంగా గ్రాహకానికి తోడ్పడటమే దాని పని. ఈ నమూనాను వాన్ డెర్ మ్యూలెన్ 1971లో ప్రవేశపెట్టారు. రొదతో కూడిన ఒంటరి ఛానల్ సామర్థ్యాన్ని షానన్ 1948లోనే నిర్ణయించారు. ఒక్క రిలే చేరగానే అదే ప్రశ్న తేలని సమస్యగా మారింది. సాధారణ రిలే ఛానల్ సామర్థ్యానికి సూత్రం నేటికీ లేదు. అందువల్ల ఏ పద్ధతి విలువనైనా ఎగువ పరిమితితో పోల్చి చెప్పవలసి వస్తున్నది. కొలబద్ద సరైనది కాకపోతే ఆ తీర్పూ నిలవదు.

2. రెండు పద్ధతులు
1979 పత్రంలోని మొదటి పద్ధతిని నేడు డీకోడ్-ఫార్వర్డ్ అంటున్నారు. రిలే ప్రతి ఖండంలోను సందేశాన్ని పూర్తిగా గ్రహించి, తరువాతి ఖండంలో ప్రేషకంతో కలిసి దానిని గ్రాహకానికి అందజేస్తుంది. పది ఖండాల్లో తొమ్మిది సందేశాలే వెళ్తాయి. ఖండాల సంఖ్య పెరిగేకొద్దీ ఈ నష్టం నామమాత్రమవుతుంది. గ్రాహకం వినేది రిలే విన్నదానికి మరింత రొద చేరిన రూపమే అయినప్పుడు, ఈ పద్ధతి సామర్థ్యాన్ని కచ్చితంగా అందుకుంటుందని పత్రం నిరూపించింది. అయితే రిలే వినికిడి బలహీనమైతే, దానికి అర్థమయ్యే వేగానికే ప్రసారమంతా కట్టుబడవలసి వస్తుంది.

రెండవది కంప్రెస్-ఫార్వర్డ్. ఇందులో రిలే సందేశాన్ని గ్రహించే ప్రయత్నమే చేయదు. విన్న సంకేతాన్ని స్థూలంగా వర్ణించి, ఆ వర్ణన ఏ వర్గానికి చెందుతుందో మాత్రమే తెలుపుతుంది. ఆ వర్గంలో సరైన వర్ణన ఏదో గ్రాహకం తాను నేరుగా విన్నదాని సాయంతో తేల్చుకుంటుంది.

తాళపత్ర గ్రంథాల పరిష్కరణ తెలిసినవారికి ఈ భేదం సులభంగా బోధపడుతుంది. అర్థం చేసుకుని పాఠాన్ని సరిదిద్దే లేఖకుడు ఒకడు. తప్పులతో సహా ఉన్నదున్నట్లు రాసే లేఖకుడు మరొకడు. మొదటివాడు పండితుడైతే మేలు, కాకపోతే కీడు. మరో ప్రతి చేతిలో ఉన్న పరిష్కర్తకు రెండవవాని ప్రతి ఎక్కువగా ఉపకరించే సందర్భాలున్నాయి.

3. అర బిట్టు హామీ
ప్రేషకం నుండి వెలువడే సమాచారం, రిలే, గ్రాహకం కలిసి వినగలిగినదాన్ని మించదు. గ్రాహకానికి చేరే సమాచారం, ప్రేషకం, రిలే కలిసి పంపగలిగినదాన్ని మించదు. ఈ రెండింటిలో తక్కువైనదానిపై ఆధారపడినదే కట్-సెట్ పరిమితి. గాసియన్ రిలే ఛానల్‌లో ఈ పరిమితికి అర బిట్టు దూరంలోకి చేరవచ్చునన్నది తరచుగా ఉదహరించే ఫలితం. పెద్ద నెట్‌వర్క్‌లకు ఇటువంటి స్థిరమైన హామీని అవెస్టిమెర్, డిగ్గవి, ట్సే 2011లో అందించారు. అదే సంవత్సరం లిమ్, కిమ్, ఎల్ గమాల్, చుంగ్ ఆ వ్యత్యాసాన్ని ఒక్కో కేంద్రానికి 0.63 బిట్టుగా చూపారు. ఛానల్ బలాబలాలతో నిమిత్తం లేని ఈ ఫలితాల ఘనత కాదనలేనిది.

కానీ ఒకే రిలే ఉన్నచోట ఈ హామీ ఎలా నెరవేరుతుందో గమనించాలి. రిలే వినికిడి బలం గ్రాహకం బలంకంటే ఎక్కువైతే, రెండింటి మొత్తం రిలే బలానికి రెట్టింపును మించదు. తక్కువైతే, గ్రాహకం బలానికి రెట్టింపును మించదు. బలం రెట్టింపైతే సామర్థ్యం పెరిగేది అర బిట్టు లోపే. కనుక మొదటి సందర్భంలో డీకోడ్-ఫార్వర్డ్ చాలు. రెండవ సందర్భంలో రిలేను పూర్తిగా పక్కనపెట్టినా చాలు. రిలేను వాడకపోవడాన్ని కూడా ఆమోదించే కొలబద్ద సంకేతన పద్ధతుల మధ్య తారతమ్యాన్ని చెప్పలేదు. పైగా సంకేత-రొద నిష్పత్తి 1000 అయిన ఒంటరి ఛానల్ సామర్థ్యం దాదాపు 5 బిట్లు. అక్కడ అర బిట్టు పదో వంతు. అదే నిష్పత్తి 0.1 అయితే సామర్థ్యం సుమారు 0.07 బిట్టు మాత్రమే; అక్కడ అర బిట్టు హామీకి అర్థమే లేదు.

4. కవర్ ప్రశ్న
ఈ లోపాన్ని బయటపెట్టగల ప్రశ్నను వేసినవారు కూడా కవరే. రిలే, గ్రాహకం ఒకే నాణ్యత గల వేర్వేరు ఛానళ్ల ద్వారా ప్రేషకాన్ని వింటాయి. రిలే నుండి గ్రాహకానికి రొద లేని తీగ ఉంది. రిలే విన్నదంతా గ్రాహకమే విన్నప్పుడు లభించే సామర్థ్యాన్ని పూర్తిగా పొందడానికి ఆ తీగ వేగం కనీసం ఎంత ఉండాలి? ఇది 1987 నాటి ప్రశ్న. గాసియన్ సందర్భంలో అర బిట్టుకంటే తక్కువే చాలునని కట్-సెట్ పరిమితి సూచిస్తుంది. ఏ పరిమిత వేగమూ చాలదని వూ, బార్న్స్, ఓజ్‌గుర్ 2019లో ప్రచురించిన పత్రంలో నిరూపించారు. కొలబద్ద చెప్పిన అర బిట్టుకు, నిజమైన జవాబు అనంతానికి మధ్య ఉన్న దూరమే దాని పరిమితికి నిదర్శనం.

వారి నిరూపణ అధిక పరిమాణాల గోళంపై జ్యామితిని ఆశ్రయించింది. అటువంటి కొత్త సాధనం లేకనే ఇంతకాలం జాప్యం జరిగిందని భావించవచ్చు. అయితే 2022లో ఎల్ గమాల్, గోహరి, నాయర్ సంప్రదాయ పద్ధతులతోనే మరింత బిగువైన ఎగువ పరిమితిని సాధించి, గాసియన్ సందర్భంలో పై ఫలితాన్ని తిరిగి రాబట్టారు. అంటే సాధనాలు ముందునుండే అందుబాటులో ఉన్నాయి. ఎగువ పరిమితిపై కృషి, పద్ధతులపై కృషితో సమానంగా సాగకపోవడమే లోపం.

5. ఉపసంహారం
1979 పత్రం అందించిన పద్ధతుల విలువ ఈ విమర్శ వల్ల తగ్గదు. అదే పత్రంలోని ఎగువ పరిమితిని అంతిమ ప్రమాణంగా భావించడమే ఆక్షేపణీయం. కొత్త పద్ధతిని ప్రతిపాదించేవారు 2022 నాటి పరిమితితో పోల్చి చూపడం, బలహీన సంకేతాల వద్ద ఫలితాన్ని విడిగా పేర్కొనడం, రిలే లేని ప్రసారంకంటే ఎంత మేలో స్పష్టం చేయడం అవసరం. అలా చేసినప్పుడే లోపం పద్ధతిలో ఉన్నదో, కొలబద్దలో ఉన్నదో తేలుతుంది.