చామంతికి చీకటి కావాలి

నవంబరు వచ్చిందంటే కడియం నుంచి లారీలు బయలుదేరతాయి. రాజమహేంద్రవరం పక్కన, జాతీయ రహదారిని ఆనుకుని ఊళ్లకు ఊళ్లే నర్సరీలైపోయిన ప్రాంతం అది. అక్కడి నుంచి చిన్న కుండీల్లో నిండుగా విచ్చుకున్న చామంతులు హైదరాబాదు, విజయవాడ, విశాఖ వీధుల్లోకి దిగుతాయి. పసుపు, తెలుపు, వంగపండు రంగు, ఇటుక రంగు. ఏది తెచ్చుకున్నా కొన్ని వారాలు బాల్కనీ కళకళలాడుతుంది. సంక్రాంతి వెళ్లేసరికి పూలు మాడి, ఆకులు వాలి, కుండీ మూలకు చేరుతుంది. "మా ఇంట్లో పూలమొక్క నిలవదండీ" అనే మాట అక్కడే పుడుతుంది.

నిజానికి ఆ మొక్క మన గుమ్మం తొక్కేనాటికే ఏడాది పని ముగించుకుంది. వానాకాలం మొదట్లో పిలకగా మొదలై, తలలు తుంపించుకుని, గుబురు కట్టి, మొగ్గ తొడిగిందంతా నర్సరీలోనే. మనం డబ్బిచ్చి కొన్నది చివరి అంకం. పూతకు ముందు నెలల్లో ఏం చెయ్యాలో తెలిసిన ఇంట్లోనే రంగులు ఏడాది పొడుగునా ఉంటాయి. ఆ తెలివి మన పెరళ్లలో ఉండేది. కొంత పండుగల్లో, కొంత పూజలో, కొంత అత్తాకోడళ్ల మాటల్లో కలిసిపోయి ఉండేది కాబట్టి ఎవరూ దాన్ని తోటపని అనుకోలేదు. పెరడు పోయినా పనితనం మిద్దె మీదికి ఎక్కుతుంది. మిద్దెతోట అన్న మాటను ఇంటింటికీ చేర్చిన వారిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ఒకరు. కాకపోతే ఆ ఊపులో చాలామంది వంకాయ, టమాటా, ఆకుకూరల దగ్గరే ఆగిపోయారు. పూలకు ఒక మూల మిగిలింది.

చామంతి సంగతే ముందు పూర్తి చేద్దాం, ఎందుకంటే నగరం ఎక్కువగా పాడుచేసేది దాన్నే. చామంతి మొగ్గ తొడగాలంటే రాత్రి పొడుగవ్వాలి. హైదరాబాదులో జూన్ నెలాఖరు పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు. డిసెంబరు చివరికి అది 11 గంటలకు దిగుతుంది. ఆ తగ్గుదలను ఆకులు పసిగడతాయి. పగటి పొడవుకీ పూతకీ ఉన్న ఈ సంబంధాన్ని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ పొగాకు, సోయా మొక్కల మీద పరీక్షించి ప్రపంచానికి చెప్పారు. కార్తీకానికి చామంతి వస్తుందని మనవాళ్లకు అంతకుముందే తెలుసు, ఎందుకొస్తుందో మాత్రం తెలియదు. కారణం తెలియడం వల్ల ఈరోజు ఒక లాభముంది. వీధిదీపం తెల్లవార్లూ పడే బాల్కనీలో చామంతి ఎంత బలంగా పెరిగినా పూయకుండా ఎందుకు మొండికేస్తుందో అర్థమవుతుంది. దానికి రాత్రి పడటం లేదు. పాలీహౌస్‌ల్లో పూతను కావాలనే వెనక్కి నెట్టడానికి రాత్రిపూట బల్బులు వెలిగిస్తారు. మున్సిపాలిటీ దీపం ఆ పనే ఉచితంగా చేసిపెడుతోంది. సెప్టెంబరు నుంచి కుండీని దీపం సోకని వైపు మార్చితే చాలు. అలాంటి చోటు లేకపోతే సాయంత్రం అట్టపెట్టె బోర్లించి పొద్దున్నే తియ్యాలి. క్రిస్మస్‌కు ఎర్రబడాల్సిన పాయిన్‌సెట్టియా పచ్చగానే ఉండిపోవడానికీ చాలా ఇళ్లలో కారణం ఇదే.

మిగతాది చేతిపని. పూత అయ్యాక మొక్కను మట్టికి నాలుగు వేళ్ల ఎత్తున కోసేసి, ఎండాకాలం సగం నీడలో బతికించుకోవాలి. జూన్, జులైల్లో పక్కన లేచే పిలకలను వేరుతో సహా విడదీసి వేరే కుండీల్లో నాటాలి. నాలుగు వారాలకు తల గిల్లాలి. పక్కకొమ్మలు రాగానే వాటి తలలూ గిల్లాలి. ఆగస్టు ఆఖరుతో గిల్లుడు ఆపెయ్యాలి, లేకపోతే మొగ్గనే గిల్లేసినట్టవుతుంది. గిల్లడానికి చెయ్యి రాని వాళ్లను చూశాను. పచ్చని చిగురు తుంచడం పాపమనుకుంటారు. అలాంటి ఇంట్లో చామంతి నిటారుగా పెరిగి, నెత్తిన నాలుగు పూలు పూసి, గాలికి ఒరిగిపోతుంది.

బంతికి ఇంత తతంగం లేదు. విత్తనం వేసిన రెండు నెలల పైచిలుకుకు పూస్తుంది కాబట్టి పండుగ నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. దసరాకూ బతుకమ్మకూ కావాలంటే జులై మధ్యలో, సంక్రాంతి గొబ్బెమ్మలకు కావాలంటే అక్టోబరు తొలి పక్షంలో నారు పోసుకోవాలి. మూడు నాలుగు వారాల నారును కుండీలోకి మార్చి, మరో నెలకు తల తుంచితే చాలు. గుమ్మానికి కట్టిన తోరణంలో ఎండిన బంతిపూలనే విడదీసి చల్లడం పాత పద్ధతి. ఇప్పటికీ పనిచేస్తుంది, కానీ బజారు దండల్లో ఎక్కువగా ఉండేవి హైబ్రిడ్ పూలు. వాటి గింజల నుంచి ముద్దబంతి బదులు రేకబంతి వచ్చినా ఆశ్చర్యపోకండి. నాకైతే ఆ జూదమే ఇష్టం. హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ఒకే రకం నారింజ బంతి గుట్టలు చూసి చూసి, మిద్దె మీద మెరూన్ అంచు రేకబంతి పూస్తే కళ్లకు తెరిపి.

బంతి విషయంలో మన ఇళ్లలో ఉన్న గొప్ప అలవాటు పొద్దున్నే పూజకు పూలు కోయడం. పువ్వు వాడి గింజ కట్టిందంటే బంతి, చామంతి, శంఖుపూల వంటివి పూత తగ్గిస్తాయి. వాటికి కావాల్సింది గింజ, మనకు కావాల్సింది రంగు. రోజూ కోసేస్తే గింజ కట్టే అవకాశం రాదు, మొక్క మళ్లీ మొగ్గ వేస్తుంది. వాడిన పూలు తుంచడం తోటపనిలో తప్పనిసరి పాఠమని పుస్తకాలు చెబుతాయి, మన నాయనమ్మలు అదే పనిని ఒక మెట్టు ముందే, వాడకముందే చేశారు. పొద్దుగూకాక పూలు కోయకూడదన్న కట్టుబాటులోనూ పని ఉంది. తెల్లవారుజామున కోసిన పువ్వులో నీరు నిండుగా ఉంటుంది, సాయంత్రం దాకా వాడదు. మందారం ఎలాగూ రోజు తిరిగేసరికి ముడుచుకుంటుంది, దేవుడి పటానికి పెడితే పోయేదేమీ లేదు. అందం కోసం పెంచుతున్నాం, ఎవరూ ముట్టుకోవద్దు అని పిల్లల్ని కసిరే ఇళ్లలోనే పూత ముందుగా ఆగిపోతుంది.

కనకాంబరం మన దక్షిణాది సొంత పువ్వు. వాసన లేదు, అందుకే జడలోకి మల్లెతోనో మరువంతోనో కలిసి కదంబంగా వెళ్తుంది. నగరానికి ఇంతకంటే తగిన మొక్క తక్కువ: మూడు నాలుగు గంటల ఎండ ఉన్న బాల్కనీలో కూడా పూస్తుంది. ఎండిన కంకి మీద తడి పడగానే కాయ టప్పున పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి. గింజ కావాలంటే కంకి ఎండుతుండగానే కాగితం సంచి తొడగాలి. ఢిల్లీ కనకాంబరమని పిలిచే నారింజ రకం గింజ కట్టదు, కొమ్మతోనే పెంచుకోవాలి. దీనికి అసలు శత్రువు మట్టిలో ఉంటుంది. ఆకులు పాలిపోయి, పూల కంకులు పొట్టివై, పీకి చూస్తే వేళ్ల మీద బుడిపెలు కనిపిస్తే అవి నులిపురుగులు. ఆ మట్టిలో మళ్లీ కనకాంబరం నాటకూడదు. ఒక కారు బంతి వేసి, ఆ తర్వాత వేపపిండి కలిపి నాటాలి. బంతి వేళ్లలోని ఒక పదార్థం ఈ పురుగులను అణుస్తుంది. పూలతోటల్లో రైతులు బంతిని మార్చి మార్చి వెయ్యడం వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

వేసవిలో రంగు పోతుందని చాలామంది బెంగ. ఏప్రిల్, మే ఎండలకు నిలిచేవి వేరే. గడ్డిగులాబి, కాగితపు పూలు, బిళ్ళగన్నేరు, చంద్రకాంత. గడ్డిగులాబి ఎండ వస్తేనే విచ్చుకుంటుంది. మబ్బు పట్టిన రోజు అలిగి కూర్చుంటుంది. కాగితపు పూలకు నీళ్లు తగ్గిస్తేనే రంగు. రోజూ పోస్తే ఆకులూ ముళ్లే మిగులుతాయి. బిళ్ళగన్నేరుకు నీరు ఎక్కువైతే మొదలు కుళ్లుతుంది. చంద్రకాంత సాయంత్రం నాలుగింటికి విచ్చుకుంటుంది కాబట్టి ఆఫీసు నుంచి ఇంటికి చేరేవాళ్లకు సరిపోయే పువ్వు. ఒకే మొక్క మీద పసుపు, గులాబి, రెండూ చారలుగా కలిసిన పూలు పూస్తాయి.

ఈ రంగుల్లో ఒక చిత్రముంది. గడ్డిగులాబి, కాగితపు పూలు, చంద్రకాంత, కోడిజుట్టు పూలు, బతుకమ్మలో పేర్చే గునుగు, ఇవన్నీ బీట్‌రూట్‌లో ఉండే రంగు కుటుంబానివి. మందారం, శంఖుపూలది ఇంకో కుటుంబం. ఈ రెండు కుటుంబాలూ ఒకే మొక్కలో కలిసి కనిపించవు. శంఖుపూల నీళ్లలో నిమ్మరసం పిండితే నీలం ఊదాగా మారేది రెండో కుటుంబం గుణం వల్లే. బంతి పసుపు మూడోది. కోడిగుడ్డు సొన చిక్కగా కనబడాలని దాన్నే మేతలో కలుపుతారు. కాబట్టి రంగు పెంచే మందంటూ వీడియోల్లో చూపించే ద్రావణాల మీద నాకు నమ్మకం లేదు. రకం ఇచ్చిన రంగును ఎండ నిలబెడుతుంది, అంతే. అరటితొక్కల నీళ్లు పోస్తే నష్టం లేదు, దోమలు తప్ప.

మల్లె తెలుపే, అయినా అది లేని పూలతోట మనకు తోటలా అనిపించదు. కుండీ మల్లె పూయడం లేదంటే చాలాసార్లు అతిప్రేమే కారణం. మల్లె కొత్త కొమ్మ మీదే పూస్తుంది. మైలవరం ప్రాంతపు రైతులు చలికాలంలో తోటకు నీళ్లు ఆపి, కొమ్మలు కత్తిరించి, ఆ తర్వాత ఎరువు వేసి తడి పెడతారు. కుండీలోనూ అదే చెయ్యాలి: డిసెంబరు ఆఖరునో జనవరిలోనో వారం పది రోజులు నీళ్లు బిగించి, మూరెడు ఎత్తుకు కోసి, మిగిలిన ఆకు దూసెయ్యాలి. పైమట్టి గీరి పశువుల ఎరువు వేసి నీళ్లు పెడితే మార్చిలో మొగ్గ. కత్తెర పెట్టని మల్లె తీగలా సాగి ఆకులు చూపిస్తుంది.

మట్టి గురించి క్లుప్తంగా: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, గుప్పెడు వేపపిండి. కొబ్బరిపొట్టును రెండుసార్లు కడిగి ఉప్పు వదిలించాలి. 12 అంగుళాల కుండీ తడిమట్టితో 25 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది, అందుకని పెద్ద కుండీలు శ్లాబు నడుమ కాకుండా కింద దూలం ఉన్న వరుసలో, గోడల వెంట ఉంచాలి. ఇక పురుగు సంగతి: మందారం మొగ్గల దగ్గర తెల్లగా పేరుకునే పిండినల్లిని ముందు నీళ్ల ధారతో కొట్టి, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి చల్లాలి.

నగరంలో అసలు చిక్కు బోరు నీళ్లు. ఉప్పూ సున్నమూ ఎక్కువున్న ఆ నీళ్లు నెలల తరబడి పోస్తే మట్టిలో ఇనుము ఉండీ మొక్కకు అందదు. మల్లె, మందారం, గులాబీ లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. చాలామంది దాన్ని ఆకలి అనుకుని ఎరువు కుమ్మరిస్తారు, ఇంకొందరు పొయ్యి బూడిద వేస్తారు. బూడిద సున్నం గుణాన్నే పెంచుతుంది, జబ్బు ముదురుతుంది. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద చల్లాలి, వారం పది రోజులకు మళ్లీ ఒకసారి. వానాకాలంలో మిద్దె మీది వాననీటిని డ్రమ్ముల్లో పట్టి పోస్తే మట్టిలోని ఉప్పు కొంత కడుక్కుపోతుంది. అన్నభేది నీళ్లు ఎండ దిగాకే చల్లండి, పూల మీద పడనివ్వకండి. బాల్కనీ టైల్స్ మీద పడిన చుక్క తుప్పు మరకవుతుంది. ముందు కింద పాత పేపర్లు పరుచుకోవాలి.