ఫియట్‌కు కొత్త రేడియేటర్: అతుకు చూసి కొనాలి

మే నెల మధ్యాహ్నం సూర్యాపేట నుంచి కోదాడకు 45 కిలోమీటర్ల దారి. 65వ నంబరు జాతీయ రహదారి మీద సిమెంటు లారీల వెనక పాత ఫియట్ నడిపేవాడి చూపు సగం రోడ్డు మీద, సగం టెంపరేచర్ ముల్లు మీద ఉంటుంది. మా ఇంట్లో ఉన్నది ప్రీమియర్ పద్మిని. 1964లో బొంబాయి కుర్లా ఫ్యాక్టరీలో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై, 1974లో పద్మిని అయిన 1089 సీసీ బండి. మావాళ్ల నోట మాత్రం ఎప్పుడూ ఫియట్ కారే. పోయిన ఎండాకాలం దాని ఇత్తడి రేడియేటర్ మూడుసార్లు కారింది. మూడుసార్లూ మాటు పెట్టించాను. నాలుగోసారి మిర్యాలగూడలో లారీలు, ట్రాక్టర్లు, వరికోత మిషన్ల రేడియేటర్లు బాగుచేసే ఒక మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన పైట్యాంకు మాటు కరిగించి లోపల చూపించాడు. ట్యూబుల నోళ్లలో తెల్లటి గార. మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున కట్టే పొరే అది. "ఈ నీళ్లు పోస్తే బంగారంతో చేసినా ఆగదు సార్" అన్నాడు. తక్కువలో అల్యూమినియం రేడియేటర్ దొరుకుతుందా అని అడిగాను. దొరుకుతుందన్నాడు గానీ, కొనేముందు ఏం చూడాలో నేర్పడానికి గంటసేపు కూర్చోబెట్టాడు. ఆ గంటలో నేను చూసింది లోహం కన్నా ఎక్కువగా పనితనాన్ని.

వేడిని మోయడంలో రాగికి 100 మార్కులు వేస్తే అల్యూమినియానికి 60 దాటవు. బరువు మాత్రం రాగిలో మూడో వంతు కూడా ఉండదు. మరి తక్కువ మార్కుల లోహం ఎలా నెగ్గుతుంది? జవాబంతా అతుకులో ఉంది. పాత రేడియేటర్‌లో నీళ్లు నడిచేది సన్నటి ఇత్తడి ట్యూబుల్లో, గాలికి వేడినిచ్చేది రాగి రేకుల ఫిన్నులు. ఈ రెంటినీ కలిపేది సీసం, తగరం కలిసిన మాటు. వేడి దాటాల్సిన చోటే వేడిని సరిగా మోయని లోహం అడ్డుంటుంది. అల్యూమినియం రేడియేటర్ కోర్‌లో, అంటే ట్యూబులూ ఫిన్నులూ ఉండే మధ్యభాగంలో, ట్యూబు, ఫిన్ను, చివరి ప్లేటు, వాటిని కలిపే అతుకు అన్నీ ఒకే జాతి లోహం. ట్యూబులను వెడల్పుగా చేయవచ్చు కాబట్టి ఫిన్నుకు తగిలే చోటూ పెరుగుతుంది.

ఆ అతుకు పడే తీరు చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కోర్‌కు వాడే రేకు మీద సిలికాన్ కలిసిన అల్యూమినియం పూత పల్చగా ఉంటుంది. కోర్ మొత్తం పేర్చి, బిగించి, నైట్రోజన్ నింపిన కొలిమిలోకి పంపుతారు. సుమారు 577 డిగ్రీల దగ్గర పూత కరగడం మొదలవుతుంది. 600 డిగ్రీల దగ్గర అది ప్రతి సందులోకీ తనంతట తానే పాకి, చల్లారాక గట్టిపడుతుంది. ఇంకో యాభై డిగ్రీలు పెరిగితే రేకే కూలిపోతుంది. ఆ ఇరుకు సందులో వందలాది అతుకులు ఒకేసారి, ఒకే తీరున పడాలి. బాగా పడిన కోర్‌లో ఫిన్ను ట్యూబును తాకే ప్రతి మూలలోనూ చిన్న నునుపైన వంపు కనిపిస్తుంది. టార్చిలైటు పక్కనుంచి వేసి చూడాలి. ఫిన్ను చివర్లు గాలిలో తేలుతుంటే, గోటితో మెల్లగా నొక్కగానే కదిలితే, ఆ రేడియేటర్ ఎంత చవకైనా మనకు ఖరీదే.

తర్వాత ట్యాంకు. మేస్త్రి తను వెల్డింగ్ చేసిన ఒక ట్యాంకు అంచు చూపించాడు. బొచ్చె చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, ఒకే వెడల్పులో, మూల తిరిగే చోట కూడా తడబాటు లేకుండా సాగింది ఆ గీత. అల్యూమినియం ఎర్రబడకుండానే కరిగిపోతుంది, కాబట్టి కంటికి హెచ్చరిక ఉండదు. చేతికి తెలియాలి. పక్కనే నిలబెట్టిన ఇంకో రేడియేటర్ పాలిష్‌తో అద్దంలా మెరుస్తోంది. లోపల మూలల్లో మాత్రం జిగురు పూసి ఉంది. మెరుపు చూసి నేను దానివైపే చెయ్యి చాపానని ఒప్పుకోవాలి.

ఎన్ని వరసల ట్యూబులున్నాయన్న లెక్క మీద జనానికి మోజు ఎక్కువ. నా అభిప్రాయం వేరు. పద్మినికి వాటర్ పంపుతోపాటు బెల్టుతో తిరిగే ఫ్యాన్ ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు అదీ నెమ్మదిస్తుంది. మందపాటి నాలుగు వరసల కోర్‌లోంచి ఆ గాలి దూరదు. వెడల్పైన ట్యూబులు రెండు వరసలు, మరీ ఒత్తుగా లేని ఫిన్నులు, ఫ్యాన్ చుట్టూ గాలి పక్కకు పోకుండా రేకు తొడుగు. చిన్న బండికి ఇవి చాలు. మిగిలిన డబ్బు కొత్త హోస్ పైపులకు పెట్టండి.

మూత విషయంలో తొందర వద్దు. 15 పీఎస్ఐ మూత పెడితే నీళ్లు 120 డిగ్రీల దాకా మరగవన్నది నిజమే. కానీ ఆ ఒత్తిడి మీ పాత పైపుల మీద, పంపు సీలు మీద కూడా పడుతుంది. పాత మూత మీద ఎంత రాసి ఉందో అంతే తీసుకోవాలి.

ఫియట్ హెడ్ ఎటూ అల్యూమినియమే, బ్లాకు పోత ఇనుము. కొత్త రేడియేటర్ బిగించే ముందు బ్లాకును శుభ్రంగా కడిగించాలి. పాత రాగి రేణువులు అల్యూమినియం మీద చేరితే అక్కడ సూది బెజ్జాలు పడతాయి. బోరు నీళ్లు మళ్లీ ముట్టవద్దు. అల్యూమినియానికి సరిపడే కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం. రేడియేటర్ కాళ్ల కింద రబ్బరు ముక్కలుండాలి. అదిరితే పగిలేది మొదట వెల్డింగే.

డబ్బు చెల్లించే ముందు ఒక పరీక్ష అడగండి. రెండు నోళ్లూ మూసి, మూత ఒత్తిడికి సరిపడా గాలి పట్టించి, నీళ్ల తొట్టిలో ముంచమనండి. ఒక్క బుడగ కూడా రాకూడదు. మా మేస్త్రి అడగకముందే ముంచాడు, పది నిమిషాలు ఉంచాడు. షాపుకు వెళ్లేటప్పుడు పాత రేడియేటర్‌ను కూడా వెంట తీసుకెళ్లండి. బోల్టు బెజ్జాలు, పైపు మూతులు ఎక్కడెక్కడ ఉండాలో చెప్పడానికి దాన్ని మించిన కొలత లేదు.