చోటు చాలని కార్డు

ముత్తుకూరులో ఇంట్లో కూర్చుని, ఎక్కడో సర్వర్లలో నడిచే వర్చువల్ మెషీన్ల జబ్బులు పట్టుకోవడం నా ఉద్యోగం. అదేం పని అని ఊళ్లో అడిగితే కృష్ణపట్నం రేవు వైపు చూపిస్తాను. ఓడ పొడుగెంత, దానికెంత లోతు కావాలి అని చూసుకునే కదా బెర్తు ఇస్తారు! మెషీన్ లేవగానే ఫర్మ్‌వేర్ చేసేదీ అదే. డిస్కుకు, నెట్‌వర్కుకు, గ్రాఫిక్స్ కార్డుకు మెమరీ చిరునామాలు పంచుతుంది.

కొలిచే తీరు మాత్రం భలే ముచ్చటగా ఉంటుంది. పరికరంలోని చిరునామా రిజిస్టరు నిండా ఒకట్లు రాసి, వెంటనే తిరిగి చదువుతారు. 16 మెగాబైట్లు కావలసిన పరికరమైతే, కింది కొసన గుర్తుల కోసం వాడే నాలుగు బిట్లు వదిలేస్తే, 24వ బిట్టు దాకా సున్నాలే వస్తాయి. దానికెంత కావాలో తేలిపోయినట్టే. 1990ల నాటి పీసీఐ తెలివి ఇది. ఇంతకన్నా పొదుపైన సంభాషణ నేను చూడలేదు. మెలిక ఒకటుంది: 16 గిగాబైట్లు అడిగిన కార్డు 16 గిగాబైట్ల గుణిజం దగ్గరే మొదలవ్వాలి. అందువల్ల మధ్యలో ఖాళీలు మిగిలినా అవి దానికి అక్కరకు రావు.

ఎన్విడియా ఏ100 కార్డుల్లో 80 గిగాబైట్ల రకం ఒక్కటే 128 గిగాబైట్ల చిరునామా కిటికీ అడుగుతుంది. వర్చువల్ మెషీన్లలో వాడే ఓవీఎంఎఫ్ ఫర్మ్‌వేరేమో చాలాకాలం మామూలుగా 32 గిగాబైట్లే కేటాయించేది. చోటు లేదని లైనక్స్ చెబుతూనే ఉంటుంది. అయినా తిట్లన్నీ డ్రైవర్‌కే!

2022లో వచ్చిన మార్పుతో, ప్రాసెసర్ ఎన్ని చిరునామా బిట్లు చెబితే దాన్నిబట్టి ఓవీఎంఎఫ్ కిటికీ పెంచుకుంటోంది. అసలు పేచీ అక్కడే. వర్చువల్ మెషీన్‌ను నడిపే క్యూఈఎంయూ మామూలుగా 40 బిట్లని, అంటే ఒక టెరాబైటని చూపుతుంది. కింద ఉన్న ఇంటెల్ డెస్క్‌టాప్‌కు చాలాసార్లు 39 బిట్లే, 512 గిగాబైట్లే. ఆ గీత దాటించి కార్డును పెడితే జాబితాలో చిరునామా చక్కగా కనిపిస్తుంది, పని మాత్రం జరగదు. నన్ను బాగా విసిగించేది ఇలాంటి రోగమే. అందుకే ఓవీఎంఎఫ్ ఆ అంకెను ఊరికే నమ్మదు. అసలు ప్రాసెసర్ బిట్లనే లోపలికి చూపమని క్యూఈఎంయూకు మనమే చెప్పాలి.

ఫర్మ్‌వేర్ చిరునామాలు పంచే దశలో తెరమీద ఏమీ రాదు. డీబగ్ రకం ఓవీఎంఎఫ్ తన మాటలన్నీ హెక్స్ 402 పోర్టుకు పంపుతుంది, చెబితే క్యూఈఎంయూ వాటిని ఫైల్లో దించుతుంది. చిరునామా బిట్లు, కిటికీ కొలత, ఎవరెంత అడిగారు, ఎవరికెక్కడ దొరికింది అన్నీ అందులోనే. వేల వరుసలు కదా అని చివరికి దూకేవాళ్లే ఎక్కువ. నేను మొదటినుంచే చదువుతాను, ఎందుకంటే తప్పు లెక్క ముందే పడి ఉంటుంది, ఫిర్యాదు మాత్రం ఎప్పుడో తర్వాత వస్తుంది.

కార్డు కనిపించట్లేదని మాలాంటివాళ్లకు రాసేటప్పుడు డ్రైవర్ వెర్షన్ సంగతి తర్వాత. ముందు ఆ 402 ఫైలూ, క్యూఈఎంయూకిచ్చిన పూర్తి ఆదేశమూ జతచేసి పంపండి.