స్ట్రింగును తునకలు చేయుట: 'స్ట్ర్‌టోక్' గుణదోషములు

కంప్యూటరుకు వాక్యమనగా అక్షరముల వరుస మాత్రమే. ఆ వరుసనే స్ట్రింగు అందురు. అందులో ఒక మాట ఎచ్చట ముగిసి మరొకటి ఎచ్చట మొదలగునో యంత్రమునకు తెలియదు. ఖాళీయో, కామాయో హద్దుగా చూపి, అచ్చట విడదీయుమని ప్రోగ్రాము వ్రాయువారే చెప్పవలెను. అట్లు వచ్చిన తునకలకు టోకెన్లని పేరు. సి భాషలో ఈ పనికై 'స్ట్ర్‌టోక్' అను ఫంక్షను ఉన్నది. 1989 నాటి అమెరికా ప్రమాణములో చోటు సంపాదించిన ఈ ఫంక్షను నేటికిని ప్రమాణములో నిలిచియున్నది. పేరు చిన్నది, వాడుక సులభము. కాని విద్యార్థుల చేతికిచ్చుటకు ముందు దీని నడవడిని కొంత పరీక్షింపవలసియున్నది.

ఒక తరగతి మార్కుల పట్టికలో "సీత,78,,65" అను వరుస ఉన్నదనుకొనుడు. తెలుగులో 78, సైన్సులో 65. లెక్కల పరీక్షకు ఆ బాలిక హాజరు కాలేదు కనుక రెండు కామాల నడుమ ఏమియు లేదు. నాలుగు గడులున్న ఈ వరుసనుండి స్ట్ర్‌టోక్ మూడే టోకెన్లను తీయును: సీత, 78, 65. ప్రక్కప్రక్కనున్న హద్దులను అది ఒక్కటిగానే లెక్కించును. టోకెన్లను వచ్చిన వరుసలో నింపుకొను ప్రోగ్రాము సైన్సు మార్కులను లెక్కల గడిలో వేయును. పరీక్ష వ్రాయని పిల్ల లెక్కలలో ఉత్తీర్ణురాలగును! అప్పుడు ఏ హెచ్చరికయు రాదు. నాలుగవ టోకెనును అడిగినప్పుడు మాత్రమే 'ఇక లేదు' అను జవాబు వచ్చును. దానిని పట్టించుకొనని ప్రోగ్రాములో పొరపాటు దాగియే ఉండవచ్చును.

అయితే ఈ నియమము తెలివితక్కువదని అనుటకు వీలులేదు. వాక్యములో రెండు మాటల నడుమ టైపు చేయువారు ఖాళీని రెండుమార్లు నొక్కినంత మాత్రాన అచ్చట మూడవ మాట పుట్టదు కదా! వాక్యమునకు తగిన కత్తెరను పట్టికకు వాడుటయే చిక్కు. పైథాన్ భాషలోని 'స్ప్లిట్' ఈ భేదమును గుర్తించినది. హద్దు చెప్పకపోయిన ఖాళీలను కలిపివేయును. కామా అని చెప్పిన నాలుగు తునకలిచ్చి, మూడవదానిని శూన్యముగా ఉంచును.

రెండవ దోషము ఇంతకంటె మొరటుది. టోకెను చివర హద్దు గుర్తును చెరిపి, అచ్చట సున్న విలువగల బైటును వ్రాయుట స్ట్ర్‌టోక్ పద్ధతి. ప్రతి తునకకు వేరే చోటు అక్కరలేకుండుట ఇందలి పొదుపు. కాని పని ముగిసిన పిదప మొదటి స్ట్రింగును ముద్రించిన "సీత" అని మాత్రమే వచ్చును.

ఇక మూడవది. ఎంతవరకు కోసినదో స్ట్ర్‌టోక్ తనలోనే గుర్తుంచుకొనును. రెండు పుస్తకములకు గుర్తుకాగితము ఒక్కటే ఉన్నట్లు, పట్టికను వరుసలుగా కోయుచు, నడుమ ఒక వరుసను కామాలవద్ద కోయబోయిన మొదటి గుర్తు పోవును. ఈ లోపమును సవరించుటకే పోసిక్స్ ప్రమాణములో 'స్ట్ర్‌టోక్-ఆర్' చేర్చబడినది. అది గుర్తును అడిగినవారి వద్దనే ఉంచును. శూన్యపు గడిని మాత్రము అదియు మ్రింగును.

తెలుగువారికి మరియొక చిక్కు కలదు. హద్దులను స్ట్ర్‌టోక్ అక్షరములుగా కాక బైట్లుగా చూచును. కామా ఒక్క బైటు కనుక బాధలేదు. దండము '।' అట్లుకాదు; యుటిఎఫ్-8 పద్ధతిలో దానికి 224, 165, 164 అను మూడు బైట్లు. 'త' అను అక్షరమునకు 224, 176, 164. మొదటి బైటు తెలుగు అక్షరములన్నిటికి 224 యే. దండమును హద్దుగా చూపినచో స్ట్ర్‌టోక్ వాక్యములవద్ద ఆగక ప్రతి తెలుగు అక్షరమును చీల్చివేయును.